అనాస జామ్, దబ్బకాయ, రమ్ము: మూడు వాయిల అనుభవం

మా ఇంట్లో పాకం చూడటమంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగ సాగుతుందో లేదో చూడటమే తప్ప, డిగ్రీలు లెక్కపెట్టే అలవాటు ఎవరికీ లేదు. అరిసెలకు ఉండపాకం, బూందీ లడ్డూకు తీగపాకం, జీళ్ళకు ముదురుపాకం అని అమ్మ పక్కన నిలబడి నేర్చుకున్న నాకు, పండ్ల జామ్ కూడా ఆ కోవలోదేననీ, పాకం తెలిసినవాళ్ళకు అదేమంత పని కాదనీ గట్టి నమ్మకం ఉండేది. నిరుడు ఆషాఢ, శ్రావణ మాసాల్లో అనాసపండుతో, దబ్బకాయతో, కొద్దిపాటి డార్క్ రమ్ముతో మూడుసార్లు జామ్ చేశాక ఆ నమ్మకంలో సగమే మిగిలింది. మొదటి వాయి కత్తి దిగనంతగా బిగుసుకుపోయింది, రెండో వాయి పానకంలా జారిపోయింది, మూడోది కుదిరింది. చెడిన రెండు వాయిల గురించే ఎక్కువగా రాస్తున్నాను, ఎందుకంటే మూడోది కుదరడానికి కావలసినదంతా వాటిలోనే ఉంది.

ఈ ఆలోచన పుట్టింది ఎడిన్‌బరోలో. నాలుగేళ్ళ క్రితం అక్కడ చదువుకుంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, ఇంటి యజమానురాలు జనవరి చలిలో నారింజజాతి పండ్లను తొక్కతో సహా ఉడికించి తానే చేసిన మార్మలేడ్‌ను రొట్టెకు రాసి పెట్టారు. అందులో చివర్న రెండు చెంచాల విస్కీ కలుపుతానని ఆవిడ చెప్పేదాకా నాకు విస్కీ ఉన్నట్టే తెలియలేదు. తెలిసిందల్లా తొక్క చేదు వెనక ఏదో కాల్చిన కర్రలాంటి లోతు ఉండటం మాత్రమే. స్కాట్లండ్‌లోని డండీ ఊరు 1797లో మొదలైన కీలర్ సంస్థ మార్మలేడ్‌తో పేరు తెచ్చుకుంది. దానికి వాడే సెవిల్ పండు కమలా కాదు, బత్తాయి కాదు. మన పెద్దవాళ్ళు నారింజ అని పిలిచే, చేదూ పులుపూ కలిసిన పండుకు అది అతి దగ్గరిది. మన నారంగమే పారశీకం మీదుగా స్పెయిన్ చేరి నారంహ అయింది, ఇంగ్లీషులోకి వచ్చేసరికి తలమీది నకారం పోగొట్టుకుంది. విశాఖపట్నంలో నారింజ దొరకడం కష్టం కాబట్టి, చేదుకూ సువాసనకూ నాకు తట్టినది దబ్బకాయ. అమ్మ ఊరగాయకూ పులిహోరకూ తప్ప ఇంకెందుకూ వాడని దబ్బకాయ.

పండు విషయంలో మాత్రం తర్జనభర్జన లేదు. మాకు సింహాచలం దగ్గర. ఆ కొండ వాలుల్లో సంపెంగ, పనసలతో పాటు అనాస కూడా కాస్తుంది. వానలు మొదలయ్యాక అడివివరం దారిలో గంపలు పెట్టుకుని అమ్ముతారు. పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట ఏజెన్సీ నుంచి కూడా పండ్లు వస్తాయి. ఉత్తరాంధ్రలో చాలామంది దీన్ని అనాసపనస అనే అంటారు. పండు ఎంచుకోవడానికి నేను రంగును నమ్మను, అడుగుభాగం దగ్గర ముక్కు పెట్టి చూస్తాను. అక్కడ తీపి వాసన రావాలి, కల్లు పులిసిన వాసన మాత్రం రాకూడదు. జామ్‌కు పూర్తిగా మాగిన పండ్లలో ఒకటి కాస్త దోరది కలపడం మంచిదని తర్వాత తెలిసింది. దోరపండులో పులుపూ, గడ్డకట్టించే గుణమూ కొంచెం ఎక్కువ. తొక్కా, కళ్ళూ, నడిమి బెండూ తీసేస్తే కిలోన్నర పండులో ముప్పాతిక కిలో గుజ్జు మిగిలితే అదృష్టం.

ఇక రమ్ము. అది వంటింట్లోకి రావడమే ఒక ఘట్టం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమాన్ని పత్రికల్లో చదివి, మా వీధిలో ఆడవాళ్ళను పోగుచేసి మాట్లాడిన మనిషి మా అమ్మ. తమ్ముడు కాగితంలో చుట్టి తెచ్చిన క్వార్టర్ సీసాను గట్టుమీద పెట్టగానే ఆవిడ దాన్ని ఊరగాయ జాడీలకు దూరంగా జరిపి, “జామ్ చెడిపోతే ఫరవాలేదు గానీ, ఈ సీసా మాత్రం రేపటికి ఇక్కడ కనబడకూడదు” అన్నారు. విస్కీ కాకుండా రమ్మే ఎందుకంటే, నేను రెంటినీ మూతల్లో పోయించుకుని అనాసముక్క పక్కన పెట్టి వాసన చూశాను. విస్కీ పండును పక్కకు నెట్టింది, రమ్ము పండుతో కలిసింది. దానికి కారణం లేకపోలేదు. అనాసకు ఆ వాసన ఇచ్చే పదార్థాల్లో ఒకటైన ఈథైల్ బ్యూటిరేట్ రమ్ములోనూ ఉంటుంది. పైగా రమ్ము పుట్టేదే చెరకు మడ్డి నుంచి. జామ్‌లో పంచదార ఎలాగూ ఉంది, కాబట్టి చెరకింటి చుట్టమే చెరకింటికి వచ్చినట్టు.

మొదటి వాయికి కిలో గుజ్జు, కిలో పంచదార, ఒక నిమ్మకాయ రసం, ఒక దబ్బకాయ తొక్క తీసుకున్నాను. అరిసెల పాకానికి వాడే ఇత్తడి గిన్నె తీయబోతే అమ్మ ఆపారు. కళాయి పూత పోయిన ఇత్తడిలో పుల్లటివి వండకూడదన్నది ఆవిడ మొదటి సూత్రం, అది నూటికి నూరుపాళ్ళూ నిజం. మందపాటి అడుగున్న స్టీలు గిన్నెలో గుజ్జూ పంచదారా కలిపి, సన్నగా తరిగిన పచ్చి తొక్కను కూడా అప్పుడే వేసేశాను. ఇది మొదటి తప్పు. పప్పు మెత్తబడకముందే చింతపండు పులుసు పోస్తే ఆ పప్పు ఇక ఉడకదని మనకందరికీ తెలుసు. దబ్బతొక్క విషయంలో పంచదార అదే పని చేస్తుంది. మెత్తబడకముందు పాకంలో పడిన తొక్కలోంచి పంచదార నీటిని లాగేస్తుంది, ఆ తర్వాత ఎంత ఉడికించినా అది తోలులాగే ఉంటుంది.

రెండో తప్పు తీగపాకం. పంచదార పాకంలో తీగ స్పష్టంగా కనిపిస్తుంది. అనాస గుజ్జులో నార, తుంపులు, నురగ ఉండటం వల్ల వేలికి తీసుకున్న ప్రతిసారీ నార విడిపోయేది గానీ తీగ సాగేది కాదు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ నేను ఉడికిస్తూనే ఉన్నాను. చివరకు తీగ వచ్చింది. వచ్చిందని సంబరపడ్డాను కూడా. నిజానికి జామ్ అయ్యే పదును దానికి చాలా ముందే దాటిపోయింది. నీళ్ళు మరిగే వేడికి ఐదు డిగ్రీల పైన, అంటే సముద్రమట్టంలో 105 డిగ్రీల దగ్గర జామ్ దించాలి. తీగపాకం 106 దగ్గర మొదలై 112, 113 దాకా పోతుంది. వేళ్ళతో చూసి దించడంలో పట్టు పోయేది ఆ నాలుగైదు డిగ్రీల్లోనే.

మూడో తప్పు ప్రమాదకరమైనది కాబట్టి దాన్ని వివరంగా చెప్పాలి. పొయ్యి మంట అలాగే ఉండగా, గిన్నె తళతళ ఉడుకుతుండగా, కొలిచి పెట్టుకున్న 60 మిల్లీలీటర్ల రమ్మును ఒక్కసారిగా పోశాను. ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగుతుంది. అది 110 డిగ్రీల ముద్దలో పడటంతో గిన్నెలోని పదార్థమంతా బుస్సుమని అంచుదాకా పొంగింది, ఆవిరి గిన్నె పక్కగా దిగి మంటను అందుకుంది. పెద్ద చప్పుడేమీ కాలేదు. గిన్నె అంచు చుట్టూ నీలంగా, దాదాపు కనిపించనంత పల్చగా ఒక మంట రెండు మూడు క్షణాలు తిరిగింది. కర్పూర హారతి నీలంగా మారితే ఎలా ఉంటుందో అలా ఉంది. అదృష్టవశాత్తూ పెద్ద మూత చేతికందేంత దూరంలో ఉండటం, నీళ్ళు పోయాలన్న ఆలోచన రాకపోవడం వల్ల మూతపెట్టి గ్యాసు కట్టేయగానే అది ఆరిపోయింది. చీర కొంగు బొడ్లో దోపుకుని ఉండటం కూడా మంచిదైంది. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంతా చూశారు, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది. రమ్ము సువాసన ఏమైందంటారా, అది వంటిల్లంతా పట్టింది, జామ్‌లో మాత్రం లేదు. మర్నాటికి ఆ వాయి సీసాల్లో జీళ్ళపాకంలా బిగిసింది. సీసాను వేడినీళ్ళలో పెట్టి కరిగిస్తే తప్ప చెంచా దిగేది కాదు. పిల్లలు మాత్రం దాన్ని చాకుతో చెక్కుకుని చప్పరించారు.

రెండో వాయి భయంతో చేసినది. పంచదార ముప్పాతిక కిలోకు తగ్గించాను, ఒక థర్మామీటరు కొన్నాను, తొక్కను ముందే ఉడికించాను. థర్మామీటరు ముల్లు 105 చూపగానే దించి, మంట ఆర్పి, అప్పుడు రమ్ము కలిపాను. అంతా పద్ధతిగా జరిగినట్టే అనిపించింది. సీసాలో పోసినది చల్లారాక కూడా వంచితే జారుతూనే ఉంది. రెండు రోజులు ఆగితే గట్టిపడుతుందేమోనని ఆశపడ్డాను, అదేమీ జరగలేదు. బయట బల్లమీద పెట్టి వాడుతున్న సీసాలో పన్నెండో రోజున అంచున తెల్లటి బూజు కనబడింది. రమ్ము కలిపాం గదా, చెడదులే అనుకోవడం నా అజ్ఞానం. సీసాకు ఒకటి రెండు చెంచాల సారాయి ఏ జామ్‌నూ కాపాడలేదు. జామ్‌ను నిలవ ఉంచేది పంచదార. అది నీటిని తనతో కట్టేసుకుని బూజుకు అందకుండా చేస్తుంది. నా వాయిలో రమ్ము చేసింది అందుకు వ్యతిరేకమైన పని. అందులో సగానికి పైగా ఉన్న నీరు పాకాన్ని ఇంకా పల్చన చేసింది.

ఈ దశలో నేను మా పక్కింటి పిన్నిగారిని ఆశ్రయించాను. ఆవిడ హోమ్ సైన్స్ పాఠాలు చెప్పి రిటైరైనవారు. సీసాను కాంతికి ఎత్తిపట్టి చూసి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, “అమ్మా, నీ థర్మామీటరును మరుగుతున్న నీళ్ళలో పెట్టి చూశావా?” అని. చూడలేదు. వెంటనే చూస్తే అది 102 చూపింది. విశాఖ సముద్రపు ఒడ్డునే ఉంది కాబట్టి అక్కడ 100 చూపాలి. అంటే నేను 105 అనుకున్నది నిజానికి 103. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న అరకులో అయితే నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయనీ, అందుకే పుస్తకంలోని అంకెను కాక, ఆ ఊళ్ళో, ఆ థర్మామీటరు మీద నీళ్ళు మరిగిన అంకెకు ఐదు కలుపుకోవాలనీ ఆవిడ చెప్పారు. ఆ ఒక్క మాటతో నా మొత్తం పద్ధతి మారింది. హైదరాబాదులో ఉండేవాళ్ళు కూడా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే అక్కడ కూడా 105 దాకా ఆగితే జామ్ ముదురుతుంది.

ఆవిడ చెప్పిన రెండో సంగతి పెక్టిన్ గురించి, అంటే పండ్లలో ఉండి జామ్ గడ్డకట్టేలా చేసే పదార్థం గురించి. పంచదార, పులుపు, పెక్టిన్ మూడూ పాళ్ళు కుదిరితేనే జామ్ పేరుకుంటుంది. జామపండులోనూ, నిమ్మజాతి కాయల తెల్లటి పొరలోనూ, గింజల్లోనూ పెక్టిన్ దండిగా ఉంటుంది. అనాసలో అది చాలా తక్కువ. ఎంత ఉందో ఇంట్లోనే తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఉడికించి చల్లార్చిన పండురసం ఒక చిన్న చెంచాడు తీసుకుని, దానికి మూడింతల ఘాటైన ఆల్కహాలు కలిపి ఒక నిమిషం కదపకుండా ఉంచాలి. పెక్టిన్ బాగా ఉంటే అంతా ఒకే ముద్దగా గడ్డకడుతుంది, లేకపోతే తునకలు తునకలుగా విడిపోతుంది. ఇంట్లో రమ్ము ఉంది గదా అని ముందు దానితోనే ప్రయత్నించి, పది మిల్లీలీటర్లు వృథా చేశాను. ఏమీ రాలేదు. సీసామీద ఉన్న 42.8 శాతం ఘాటు ఈ పనికి సరిపోదని పిన్నిగారు నవ్వి, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ తెప్పించారు. అనాసరసంలో అది పోస్తే గాజుగ్లాసు అడుగున దూదిపింజల్లాంటి నాలుగు తునకలు తేలాయి. దబ్బగింజలు నానబెట్టి ఉడికించిన నీళ్ళలో పోస్తే, గ్లాసులో ఉన్నదంతా జున్నుముక్కలా ఒకటై, ఫోర్కుతో ఎత్తితే లేచి వచ్చింది. స్పిరిట్ కలిపిన దాన్ని నాలుక మీద పెట్టకూడదు, పరీక్ష కాగానే పారబోయాలి. రమ్మును కూడా అంత మోతాదులో పోస్తే జామ్‌లోని పెక్టిన్ గడ్డకట్టి ముద్దలు కడుతుందా అని అడిగాను. కిలోకు నలభై యాభై మిల్లీలీటర్ల దగ్గర ఆ భయం లేదన్నారు.

మూడో వాయికి పని ముందురోజు సాయంత్రమే మొదలైంది. ఎదురింటి పెరట్లో కాసిన దబ్బకాయ ఒకటి, దాదాపు అరకిలో ఉంటుంది, కత్తిపీట మీద అడ్డంగా కోశాను. దబ్బకాయ కోసినప్పుడు ముందు వచ్చేది రసం కాదు, తొక్కలోంచి చిమ్మే నూనె. అది గాలిలో సన్నటి తుంపరలా లేచి ముంజేతి మీద చల్లగా పడుతుంది, చేతికి చిన్న గీత ఉన్నా చురుక్కుమంటుంది. పైనున్న పసుపుపచ్చ పొరను మాత్రమే పల్చగా చెక్కి, పూచికపుల్లల్లా తరిగి 60 గ్రాములు తీశాను. దాని కింద బొటనవేలి మందాన ఉన్న తెల్లటి పొరను ముక్కలు చేసి, గింజలతో కలిపి పల్చని మల్లుగుడ్డలో మూటకట్టి, అరలీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టాను. తెల్లవారి చూస్తే గింజల చుట్టూ సబ్జాగింజలకు పట్టినట్టు జిగురుపొర పట్టి ఉంది, నీళ్ళలో వేలు ముంచి తీస్తే గుడ్డుతెల్లసొనలా సాగింది. ఆ మూటను అదే నీళ్ళలో నలభై నిమిషాలు సన్నటి సెగమీద ఉడికించి, గోరువెచ్చగా అయ్యాక గట్టిగా పిండితే పాలు కలిపినట్టున్న చిక్కటి రసం పావులీటరు వచ్చింది. తరిగిన తొక్కను వేరే గిన్నెలో మూడుసార్లు నీళ్ళు మార్చి ఉడికించాను. మొదటిసారి నీళ్ళు నోట పెట్టలేనంత చేదు, మూడోసారి చేదు ఉన్నా ముఖం చిట్లించుకునేంత లేదు. ఇంకా నీళ్ళు మార్చితే చేదుతో పాటు సువాసన కూడా పోతుందని అక్కడితో ఆపాను.

రమ్ముకు చోటు వదలాలన్నది నేను స్వయంగా లెక్కవేసి తెలుసుకున్న సంగతి. కిలో అనాస గుజ్జులో నీరు పోగా గట్టిపదార్థం సుమారు 130 గ్రాములు, పంచదార 750 గ్రాములు, రెండూ కలిపి 880. మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు జామ్‌లో పండు కనీసం 45 శాతం, కరిగిన గట్టిపదార్థం కనీసం 65 శాతం ఉండాలంటాయి. రెండో వాయి సీసాలు నింపినప్పుడు రాసుకున్న బరువులు కూడితే 1,490 గ్రాములైంది, అంటే 59 శాతమే. బూజు పట్టదా మరి? ఈసారి గిన్నె ఖాళీ బరువు ముందే తూచి పెట్టుకుని, లోపలి జామ్ 1,280 గ్రాములకు దిగేదాకా ఉడికించాలని నిర్ణయించుకున్నాను. అప్పుడది దాదాపు 69 శాతం అవుతుంది. అందులోంచి పిల్లలకూ అమ్మకూ 300 గ్రాములు రమ్ము లేకుండా విడిగా తీసేసి, మిగిలిన 980 గ్రాములకు 40 మిల్లీలీటర్ల రమ్ము కలిపితే 66 శాతం దగ్గర నిలుస్తుంది. రమ్ము వల్ల ఎంత పల్చనవుతుందో అంత ముందే ముదరబెట్టడం అన్నమాట. ఈ లెక్కను కాగితం మీద చూసిన అమ్మ, “మా కాలంలో జామ్ తినడానికి చేసేవాళ్ళు” అన్నారు.

ఉడికించడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గుజ్జులో సగం కచ్చాపచ్చాగా రుబ్బి, సగం గోరంత ముక్కలుగా తరిగి, పెక్టిన్ రసంతోనూ తొక్కతోనూ కలిపి ముక్క మెత్తబడేదాకా ఉడికించాను. ఆ తర్వాతే పంచదార, నాలుగు పెద్ద చెంచాల దబ్బరసం వేశాను. జాంగ్రీ పాకంలో పంచదార తిరిగి పలుకు కట్టకుండా నిమ్మరసం పిండినట్టే ఇక్కడా పులుపు ఆ పని చేస్తుంది, జామ్ పేరుకోవడానికీ తోడ్పడుతుంది. పంచదారకు బదులుగా అనకాపల్లి బెల్లం వేస్తే బాగుంటుందని ఒక బంధువు సలహా ఇచ్చారు. ఒక గుప్పెడు గుజ్జుతో చేసి చూశాను, రుచి బాగానే ఉంది గానీ అది బెల్లం రుచి, అనాస ఎక్కడుందో వెతుక్కోవాలి. పంచదార కరిగాక సెగ పెంచి, అడుగంటకుండా కలుపుతూ, పైకి తేలిన తెట్టు తీస్తూ వచ్చాను. మొదట నురగ చిన్నచిన్న బుడగలతో పొంగుతుంది. నీరు తగ్గేకొద్దీ బుడగలు పెద్దవై, బరువుగా, ఆలస్యంగా పగులుతాయి, చప్పుడు కూడా మారుతుంది. ఈ చప్పుడు మారే సమయంలో ముల్లు 106 దగ్గరుంది. నా థర్మామీటరు మీద 107 కావాలి కాబట్టి ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంచి, దించి, తూచాను. 1,310 గ్రాములు. మళ్ళీ పొయ్యిమీద పెట్టి రెండు నిమిషాలాగి తూస్తే 1,285. ముందే ఫ్రీజర్‌లో పెట్టిన పళ్ళెంలో ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టాను. కాచిన పాలమీద మీగడ ముడతపడినట్టు దాని పైపొర ముడతపడింది. వేలు తీశాక ఆ గీత మూసుకోలేదు.

ఇక్కడినుంచి తొందరపడకూడదు, అలాగని ఆలస్యమూ చేయకూడదు. మంట ఆర్పి, గ్యాసు సిలిండరు దగ్గర కట్టేసి, గిన్నెను పొయ్యికి దూరంగా భోజనాల బల్లమీదికి మార్చాను. అమ్మ సీసా, పిల్లల సీసా ముందే నింపేశాను. మిగిలినది నిజమైన 90 డిగ్రీలకు దిగేదాకా ఆగాను. బాగా చల్లారాక కలిపితే రమ్ము సువాసన ఎక్కువగా నిలుస్తుంది గానీ, సీసాలు వేడిమీద నింపి మూత బిగిస్తేనే గట్టిగా పట్టుకుంటాయి. ఈ రెంటి మధ్య 90 నాకు సమంజసంగా తోచింది. రమ్మును ఒక్కసారిగా కాక, సన్నటి ధారగా, ఒక చేత్తో కలుపుతూ పోశాను. చిన్నగా బుసలు కొట్టి ఊరుకుంది. అనాస పసుపురంగు కొద్దిగా ముదిరి పాత తేనెరంగుకు వచ్చింది. పది నిమిషాలు మరిగించి, ఇంకా వేడిగా ఉన్న గాజుసీసాలను ఒక్కొక్కటే తీసి, అంచుకు అరంగుళం తక్కువగా నింపాను. రమ్ము కలిపినది మూడు సీసాలకు కొంచెం పైన వచ్చింది. సీసా మూతి కొలతకు కత్తిరించిన బటర్ పేపర్ బిళ్ళలను క్వార్టర్‌లో మిగిలిన పది మిల్లీలీటర్ల రమ్ములో తడిపి జామ్ పైన పరిచాను. ఇది పశ్చిమ దేశాల ఇళ్ళలో పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. జామ్ మొత్తాన్ని కాపాడలేని సారాయి, పైపొరను మాత్రం కొంతవరకు కాపాడుతుంది.

ఆ సాయంత్రం రుచి చూసి నేను నిరాశపడ్డానని ఒప్పుకోవాలి. నాలుకకు రమ్ము ఒకవైపు, దబ్బచేదు ఒకవైపు, అనాస ఒకవైపు విడివిడిగా తగిలాయి. ఇరుగుపొరుగు మాట్లాడుకోని అద్దె ఇళ్ళలా ఉన్నాయని తమ్ముడితో అన్నాను. కొత్త ఆవకాయను మూడోరోజు కలిపి చూసేదాకా తీర్పు చెప్పకూడదన్న సంగతి నాకు గుర్తుండాల్సింది. నాలుగు వారాల తర్వాత సీసా తెరిస్తే రమ్ము ఘాటు పోయి, కాచిన పంచదార వాసనలో కలిసిపోయింది. రమ్ము ఉందని చెప్పకుండా పెడితే తినేవాళ్ళకు అది పట్టుబడకూడదనే నేననుకుంటాను. పట్టుబడితే మోతాదు ఎక్కువైనట్టే. ఇంతకూ పెద్ద చెంచాడు జామ్‌లో ఆల్కహాలు మహా అయితే మిల్లీలీటరులో మూడోవంతు ఉంటుంది. అయినా సీసాల మీద తేదీతో పాటు “రమ్ము ఉంది” అని పెద్ద అక్షరాలతో రాశాను. పిల్లలు, మందులు వాడేవాళ్ళు, వద్దనుకునేవాళ్ళు అడగకుండానే తెలుసుకోగలగాలి.

ఇందులో ఒక తమాషా ఏమిటంటే, రమ్ము లేని సీసా 69 శాతం దగ్గరే నిలిచిపోవడంతో కాస్త బిగువుగా వచ్చింది. దోసెకు రాసుకోవడానికి బాగానే ఉంది గానీ రొట్టెమీద చాకుతో పరిస్తే రొట్టె చిరుగుతోంది. ఈసారి ఆ భాగంలో రెండు చెంచాల వేడినీళ్ళు కలపాలి. తొక్క పుల్లలు కూడా ఇంకా సన్నగా తరగాలి. రమ్ము సీసాలు మాత్రం చెంచాతో తీస్తే గుంట నిలిచేంత, నోట్లో పెట్టుకుంటే విడిపోయేంత పదునులో ఉన్నాయి. తెరిచిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, తడిచెంచా పెట్టకుండా వాడితే నెలన్నర దాటినా బూజు జాడ లేదు. తెరవనిది ఒకటి సంక్రాంతికి తెరిచాం. రంగు మరికొంత ముదిరింది, దబ్బచేదు ముందుకన్నా తగ్గింది.

క్వార్టర్ సీసా లెక్క అమ్మకు అప్పజెప్పాను: మొదటి వాయిలో 60 మంటపాలు, రెండో వాయిలో 60 బూజుపాలు, పరీక్షకు 10, మూడో వాయికి 40, కాగితాలకు 10. ఆవిడ ఖాళీ సీసాను వెలుతురుకు పెట్టి చూసి, చుక్క కూడా మిగల్లేదని నిర్ధారించుకుని, పాతసామాన్లవాడికి వేసే సంచిలో అడుగున పడేశారు. ఎదురింటి దబ్బచెట్టు మళ్ళీ పిందె వేసింది.